లాకుల దగ్గర పెట్టిన మీటింగు

పశ్చిమ గోదావరిలో మా ఊరి రోటరీ క్లబ్బులో నేను చేరింది 1980ల మొదట్లో. అప్పటికి నా మెడికల్ షాపు నిలదొక్కుకుంటోంది. మా పక్కింటి ఆడిటరు గారు ఒకరోజు షాపుకొచ్చి, "ఊళ్లో నలుగురితో పరిచయం ఉండాలయ్యా, పైగా మంచి పని" అని ఫారం నా చేతిలో పెట్టారు. మంచి పని అన్న మాట నిజమే. కంటి శిబిరాలు, రక్తదానం, హైస్కూలుకి బెంచీలు, వేసవిలో చలివేంద్రం, ఇవన్నీ మా క్లబ్బు చేసేది. వాటికి నేను ఉత్సాహంగానే వెళ్లేవాణ్ణి. వారం వారం మీటింగుకి వెళ్లడమే కష్టంగా ఉండేది.

మా మీటింగు గురువారం సాయంత్రం ఏడింటికి. ఆ రోజుల్లో రూలు చాలా గట్టిది. వరసగా నాలుగు మీటింగులు మానేస్తే సభ్యత్వం పోతుంది. మొత్తం మీద 60 శాతం హాజరుండాలి. మన ఊళ్లో కుదరకపోతే పక్క ఊరి క్లబ్బు మీటింగుకి వెళ్లి సంతకం పెట్టి రావాలి, దాన్ని మేకప్ అనేవాళ్లం. నిడదవోలు, తణుకు, భీమవరం, ఎక్కడ ఏ రోజు మీటింగో మా సెక్రటరీ డైరీలో రాసి ఉండేది. అటెండెన్స్ తగ్గిన వాళ్లు స్కూటర్ల మీద మేకప్‌కి పరిగెత్తడం చూస్తే, మీటింగంటే ఏదో పరీక్ష ఫీజు కట్టొచ్చినట్టుగా ఉండేది. అక్కడ ఏం విన్నారో అడిగితే చెప్పలేకపోయేవాళ్లు.

అప్పటి మా మీటింగు ఎలా నడిచేదో చెబుతాను. ఏడింటికి అని కార్డులో ఉంటుంది. ప్రెసిడెంటు గారు వచ్చేసరికి ఏడున్నర. వక్త వచ్చేసరికి ఎనిమిది. డయాస్ మీద అయిదు కుర్చీలు, వాటికి తెల్లటి తువ్వాళ్లు. గంట కొట్టడం, ప్రార్థన, జాతీయ గీతం. తర్వాత డయాస్ మీద కూర్చున్న అయిదుగుర్నీ ఒక్కొక్కరిగా పరిచయం చెయ్యడం. వారం వారం చూసుకునే మనుషులే కదా, అయినా వాళ్ల చదువులు, పదవులు అన్నీ చదివేవాళ్లు. కిందటి వారం మినిట్సు చదవడం. జమాఖర్చుల మీద అరగంట వాదన. అప్పుడు వక్త లేచేవారు. ఎవరో ఒక పెద్దమనిషి, సేవ గొప్పదనం గురించి ముప్పావు గంట చెప్పేవారు. ఆ తర్వాత దండ, శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ. వందన సమర్పణలో మళ్లీ అయిదు పేర్లూ. అదంతా ఇంగ్లీషులోనే. హాల్లో వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు హోటలు కుర్రాడు ఇడ్లీ క్యారియర్లు దింపుతున్నాడా లేదా అని తలుపు వైపు చూస్తుండేవాళ్లు. షాపు మూసే వేళ పోతోందని నాకూ లోపల్లోపల టెన్షన్.

ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. చుట్టుపక్కల నేను చూసిన క్లబ్బులన్నీ దాదాపు ఇలాగే నడిచేవి. మీటింగంటే అలాగే ఉండాలని అందరూ అనుకునేవాళ్లు.

1986 జూలైలో మా పశువుల డాక్టరు గారు ప్రెసిడెంటయ్యారు. రోటరీ సంవత్సరం జూలై ఒకటిన మొదలవుతుంది, ఏడాదికొకరు ప్రెసిడెంటు. నన్ను సెక్రటరీగా ఉండమన్నారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఊళ్లలో తిరిగి తిరిగి నల్లబడిన ముఖం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఇన్‌స్టలేషన్, అంటే పదవీ స్వీకారం, అయిన మర్నాడు నా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుని ఒక ప్రశ్న అడిగారు.

"గురువారం రాత్రి ఇంటికెళ్తాం కదండీ. ఇవాళ ఏం జరిగిందని మీ ఆవిడ అడిగితే ఏం చెప్తారు?"

"ఏముందండీ, మీటింగయిందని చెప్తాను."

"అదే మార్చాలి. ఇంటికెళ్లి చెప్పడానికి ఒక్క ముక్కయినా ఉండాలి. అది లేకపోతే ఆ సాయంత్రం మనవాళ్ల దగ్గర మనం ఊరికే తీసుకున్నట్టు."

ఆ ఏడాదంతా ఆయన కొలబద్ద ఇదొక్కటే. ఏ ప్రోగ్రాం అనుకున్నా, "ఇంటికెళ్లి ఏం చెప్తారు?" అనే అడిగేవారు.

మొదట చేసినవి చిన్న చిన్న మార్పులే. డయాస్ తీసేశారు. కుర్చీలు గుండ్రంగా వేయించారు. ఏడింటికి ఎంతమంది ఉంటే అంతమందితో గంట కొట్టేసేవారు. మొదటి వారం ఏడుగురం ఉన్నాం, అయినా కొట్టేశారు. నెల తిరిగేసరికి అందరూ ఏడుకి అయిదు నిమిషాల ముందే రావడం మొదలెట్టారు. ఎనిమిదింబావుకల్లా ముగించేవారు, మాట్లాడుతున్నది ఎంత పెద్దవారైనా సరే. ఇది వక్తలకి ముందే చెప్పే బాధ్యత నాది. చెప్పడం మొహమాటంగానే ఉండేది గానీ, సంతోషంగా ఒప్పుకున్నవాళ్లే ఎక్కువ.

తిండి ముందుకొచ్చింది. షాపుల్లోంచి, ఆఫీసుల్లోంచి నేరుగా వచ్చేవాళ్లం కాబట్టి ఆకలి మీద ఉండేవాళ్లం. ఆరున్నరకే టీ, వేడి పకోడీనో మసాలా వడో పెట్టించారు. తినేటప్పుడు మాటలు కలిసేవి. ఫెలోషిప్ అనే మాట రోటరీలో రోజూ వినపడుతుంది, నిజంగా అది జరిగింది ఆ అరగంటలోనే. జమాఖర్చులు, ప్రాజెక్టు లెక్కలు అన్నీ నెలకోసారి మా ఇంట్లో కూర్చునే బోర్డు మీటింగుకి పంపేశారు. గురువారం నాడు నిర్ణయాలు మాత్రం రెండు నిమిషాల్లో చదివేవాణ్ణి. సందేహాలుంటే మర్నాడు నా షాపుకొచ్చి కాగితాలు చూసుకోవచ్చు. వచ్చి చూసుకున్నవాళ్లూ ఉన్నారు, చూసుకుని తృప్తిగా వెళ్లారు. అంతకుముందు మీటింగుల్లో వచ్చిన గొడవల్లో సగం లెక్కల మీద అనుమానంతో వచ్చినవి కావు, చేయడానికి ఇంకేమీ లేక వచ్చినవే అని నాకు అప్పుడర్థమైంది.

అన్నిటికంటే పెద్ద మార్పు మీటింగు తెలుగులోకి రావడం. ప్రార్థన ఒక్కటీ ఇంగ్లీషులోనే ఉంచారు. తెలుగులోకి వచ్చిన రెండో వారమో మూడో వారమో, మా ప్రింటింగ్ ప్రెస్సాయన లేచి మాట్లాడారు. ఆయన నాకంటే చాలా ముందు నుంచి సభ్యుడు. వెనక వరసలో, స్తంభం పక్క కుర్చీ ఆయనది. ఆయన గొంతు మీటింగులో నేను వినడం అదే మొదటిసారి. ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే బాగుండదని ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. ఇన్నేళ్లలో మనం ఎంత పోగొట్టుకున్నామో అని డాక్టరు గారు ఆ రాత్రి చాలా బాధపడ్డారు.

అప్పుడే ఆయనకి మరో ఆలోచన వచ్చింది. రోటరీలో క్లాసిఫికేషన్ అని ఉంటుంది. ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరిని తీసుకోవడం అప్పట్లో దాని పద్ధతి. అంటే మా క్లబ్బులో రైస్ మిల్లు, సినిమా హాలు, ఐస్ ఫ్యాక్టరీ, ప్రెస్సు, ఆడిటు, ఇరిగేషను, వకాల్తా, పశువైద్యం, నా మందుల షాపు, ఊరి పనులన్నీ ఒకే గదిలో కూర్చుని ఉన్నాయి. మేమేమో బయటివాళ్లని పిలిచి సేవ గురించి చెప్పించుకుంటున్నాం. "మనవాళ్ల పనే మనకి తెలీదండీ," అన్నారాయన. "ఈ ఏడాది మనమే వక్తలం. మాట్లాడే చోటు కూడా ఈ హాలు కాదు, వాళ్ల పని జరిగే చోటు."

ఇది మేం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హ్యారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, బట్టలు కుట్టించి అమ్మే ఒకాయన, ఈ నలుగురూ కలిసి మొదటిసారి కూర్చున్నది ఆ ఇంజనీరు ఆఫీసు గదిలోనే. ఆ తర్వాత ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో కూర్చునేవాళ్లు. కొద్ది రోజుల్లోనే వాళ్లలో చేరిన హ్యారీ రగుల్స్ ప్రింటరు. మీటింగుల్లో అందరి చేతా పాటలు పాడించడం మొదలుపెట్టింది ఆయనే. ఈ సంగతి నేను చదివి చెబితే డాక్టరు గారు వెంటనే, "అయితే మొదటి మీటింగు మన ప్రెస్సాయన దగ్గరే" అన్నారు.

ఆ సాయంత్రం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ప్రెస్సు బజారు వీధిలో పాత పెంకుటిల్లు. గుమ్మంలో అడుగు పెడితే కిరసనాయిలు, ఇంకు కలిసిన వాసన. గోడ పొడవునా చెక్క కేసులు, వాటిలో వందల గళ్లు. తెలుగు టైపు ఎంత పెద్దదో అప్పుడు చూశాం. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, ప్రతిదానికీ వేరే సీసం ముక్క. కంపోజిటరుగా పనిచేసే పెద్దాయన ఆ గళ్లవైపు చూడకుండానే చెయ్యి వేసి అక్షరం తీస్తున్నాడు. మా ప్రెస్సాయన తలా ఒక కంపోజింగ్ స్టిక్కు ఇచ్చి, "మీ పేరు మీరే పేర్చుకోండి" అన్నారు. సీసం మీద అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. ఊళ్లో పేరున్న వకీలు గారు తన పేరులో క్ష కోసం పావుగంట వెతికారు. ఆడిటరు గారు ఇంటిపేరు తిరగేసి పేర్చి, మళ్లీ ఊడదీసి పేర్చారు. అందరి పేర్లూ ఒక చట్రంలో బిగించి ట్రెడిల్ మీద ఎక్కించారు. కాలితో తొక్కుతుంటే పెద్ద చక్రం తిరిగి, ఒక్కో కార్డు మీద మా అందరి పేర్లూ వరసగా పడుతూ వచ్చాయి. తడి ఆరని కార్డులు రెండు వేళ్లతో పట్టుకుని ఇళ్లకి వెళ్లాం.

మా ఆవిడ ఆ కార్డు చాలాకాలం దేవుడి పటం పక్కన పెట్టింది. పెళ్లి శుభలేఖ ఎలా తయారవుతుందో ఆ రాత్రి నేను చెబుతుంటే మా పిల్లలు నిద్ర మానుకుని విన్నారు.

ఆ మీటింగు తర్వాత ప్రెస్సాయన స్తంభం పక్క కుర్చీ వదిలేశారు. మా బులెటిన్ మొదటి పేజీలో ఫోర్ వే టెస్ట్ ఇంగ్లీషులో ఉండేది. హెర్బర్ట్ టేలర్ అనే ఆయన 1932లో, దివాలా అంచున ఉన్న వంట పాత్రల కంపెనీని నిలబెట్టడానికి, తన ఉద్యోగుల కోసం రాసుకున్న నాలుగు ప్రశ్నలవి. రోటరీ తర్వాత తీసుకుంది. దాన్ని ప్రెస్సాయన తెలుగులో పెద్ద టైపులో వేశారు: ఇది నిజమేనా? సంబంధించిన వాళ్లందరికీ న్యాయమేనా? స్నేహాన్ని, సద్భావాన్ని పెంచుతుందా? అందరికీ మేలు చేస్తుందా? ఇంగ్లీషులో అందరం కలిసి గడగడా చదివేసేవాళ్లం. తెలుగులో పడ్డాక రెండో ప్రశ్న దగ్గర గొంతులు కాస్త నెమ్మదించేవి. వ్యాపారస్తులం కదా.

రైస్ మిల్లు మీటింగు గురించి ఎక్కువ చెప్పను, గోదావరి జిల్లాల వాళ్లకి మిల్లు కొత్తేమీ కాదు. అయినా క్వింటాలు ధాన్యం ఆడిస్తే బియ్యం 67 కిలోల దగ్గర తేలుతుందని, మిగతా ఊక, తవుడు, నూకలు ఎటెటు వెళతాయని, తవుడు నుంచి నూనె తీసే ఫ్యాక్టరీకి లారీ ఆలస్యమైతే తవుడు ఎలా పాడవుతుందని మిల్లాయన చెబుతుంటే, ధాన్యం పండించే కుటుంబాల్లో పుట్టినవాళ్లు కూడా చెవులు నిక్కించి విన్నారు.

సినిమా హాలు మీటింగు మాత్రం రెండో ఆటకి ముందు, ప్రొజెక్టర్ గదిలో. అంతమందికి ఆ గది చాలదు, రెండు జట్లుగా వెళ్లాం. రెండు ప్రొజెక్టర్లు, ఒక్కోదాంట్లో కార్బన్ కడ్డీలు. కడ్డీల మధ్య పుట్టే వెలుతురే తెర మీద పడేది. అది కాలుతూ ఉంటే ఆపరేటరు చూసుకుంటూ కడ్డీలు దగ్గరికి జరుపుతూ ఉండాలి. వెయ్యి అడుగుల రీలు దాదాపు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రీలు చివరికొచ్చేసరికి తెర కుడివైపు పైమూల చిన్న చుక్క ఒకటి మెరుస్తుంది. అది ఆపరేటరుకి సైగ, రెండో మిషను సిద్ధం చెయ్యమని. కాసేపటికి రెండో చుక్క, అప్పుడు మార్చేయాలి. మేమందరం చిన్నప్పటి నుంచి వందల సినిమాలు చూశాం, ఆ చుక్క ఒక్కరికీ తెలీదు. ఆ తర్వాత మేం సినిమాకెళితే కుటుంబాలతో సహా అందరం ఆ మూలే చూస్తూ కూర్చునేవాళ్లం. హాలు ఓనరు గారు ముందుండి ఆపరేటరునే మాట్లాడమన్నారు, తను పక్కన నిలబడ్డారు. ఆపరేటరు పదిహేనేళ్లుగా ఆ గదిలో ఉన్నాడు. ఇంటర్వెల్లో తప్ప బయటికి రాని ఆ మనిషికి మేం చప్పట్లతో కృతజ్ఞతలు చెప్పుకున్నాం.

ఇక లాకుల మీటింగు. ఇరిగేషన్ ఇంజనీరు గారు మా సభ్యులు. ఆయన వంతు వచ్చినప్పుడు, "కాలువ గురించి నాకంటే బాగా చెప్పేవాడున్నాడు, అతన్ని పిలుద్దాం" అన్నారు. ఊరి చివర లాకుల దగ్గర, అంటే కాలువ నీళ్లని ఆపి వదిలే షట్టర్ల దగ్గర, కాపలా ఉండి వాటిని చూసుకునే లస్కరు. రోటరీ మీటింగులో లస్కరు వక్తా అని ఒకరిద్దరు నసిగారు. డాక్టరు గారు, "మన ఇళ్లల్లో అన్నం ఎవరి చేతిలో ఉందో తెలుసుకుందాం" అన్నారు. ఇంకెవరూ మాట్లాడలేదు.

కాలువ గట్టు మీద రావిచెట్టు కింద చాపలు పరిచాం. ఆరింటికే మొదలెట్టాం, వెలుతురుండగా చూపించాలని. లస్కరు గారికి అరవై దగ్గర పడి ఉంటాయి. ఖాకీ చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. "ఆయ్, నాకు మాట్లాడ్డం రాదండి బాబూ, చూపిస్తానండి" అంటూ మొదలెట్టారు.

గేజి బద్ద మీద నీటి మట్టం ఎలా చదవాలో చూపించారు. విజ్జేశ్వరం దగ్గర నీళ్లు వదిలితే మా ఊరికి చేరడానికి ఎంతసేపు పడుతుందో, పైన వాన పడితే ఏ షట్టరు ఎన్ని మెట్లు దించాలో చెప్పారు. చివరి భూములకి నీళ్లందని ఏడాది వంతులు పెడతారు కదా, ఆ రాత్రుళ్లు పైరైతులు, కింది రైతులు ఇద్దరూ గట్టు మీదే పడుకునేవాళ్లట, ఇద్దరి మధ్యా తాను. అప్పుడొక మాట చెప్పారు. కట్ట వెనకవైపు ఊట కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. వచ్చే నీళ్లు తేటగా ఉంటే ఫరవాలేదు, అది మామూలు ఊటే. బురదగా వస్తే మాత్రం లోపల మట్టి కోసుకుపోతున్నట్టు, ఎండ్రకాయ బొరియో ఎలక బొరియో దారి చేసినట్టు. అది గండి పడబోతోందనడానికి గుర్తు. ఇసక బస్తాలు, తాటిమట్టలు, మనుషులు, అన్నీ ఆ గంటలోనే రావాలి. "అందుకేనండి, రాత్రిపూట లాంతరు పట్టుకెళ్లి నీళ్లు దోసిట్లోకి తీసి చూత్తానండి" అన్నారు, దోసిలి పట్టి చూపిస్తూ.

అక్కడ కూర్చున్న మా అందరికీ ఆ కాలువ కింద పొలాలున్నాయి. కాటన్ దొర పేరు మా ఇళ్లల్లో దణ్ణం పెట్టి తలుచుకుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని పిల్లలకి పాఠం చెబుతాం. కానీ ఆ నీళ్లు ఈ రాత్రికి గట్టు దాటకుండా చూస్తున్న మనిషితో ఎవరం ఎప్పుడూ పట్టుమని పది నిమిషాలు మాట్లాడి ఎరగం. ఆ రోజు ఎనిమిదింబావుకి గంట కొట్టలేదు. ఆ ఏడాది మొత్తం మీద డాక్టరు గారు టైము తప్పింది అప్పుడొక్కసారే. ప్రశ్నల మీద ప్రశ్నలు. టార్చిలైట్లు పట్టుకుని షట్టర్ల దాకా వెళ్లొచ్చాం. లస్కరు గారికి శాలువా కప్పలేదు. మర్నాడు మా మిల్లాయన, ఇంజనీరు గారు కలిసి ఆయన ఉండే షెడ్డుకి కొత్త రేకులు వేయించారు. దానికి ప్రాజెక్టు అని పేరు పెట్టలేదు, బులెటిన్‌లో రాయలేదు. నేనిక్కడ రాయడం తప్పు కాదనుకుంటాను.

మా పాత ప్రెసిడెంట్లలో పెద్దవారొకరు, రిటైర్డు హెడ్మాస్టరు గారు, ఈ పద్ధతికి గట్టిగా అడ్డు చెప్పారు. "మీటింగుకి ఒక గౌరవం ఉండాలి. చాపల మీద, మిషన్ల మధ్య అయితే అది పిక్నిక్కు" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. కొత్త సభ్యుణ్ణి చేర్చుకునేటప్పుడు, పిన్ను పెట్టేటప్పుడు ఆ గంట, ప్రెసిడెంటు మెడలో ఆ కాలరు, అందరూ లేచి నిలబడటం ఉండాలి. చేరిన మనిషికి తనొక పెద్ద పనిలోకి వచ్చానని అనిపించాలి. రోటరీ డిస్ట్రిక్ట్ గవర్నరు గారు వచ్చే రోజు సంగతి వేరే చెప్పక్కర్లేదు. అందుకని నెలలో ఒక గురువారం హాల్లో, పద్ధతిగా, హెడ్మాస్టరు గారి ఆధ్వర్యంలోనే జరిగేలా డాక్టరు గారు ఒప్పించారు. ఆ ఒక్క మీటింగు కూడా అంతకుముందుకంటే బాగా జరగడం మొదలైంది. అరుదుగా వచ్చేసరికి దానికి విలువ పెరిగింది.

అన్నీ నిలబడ్డాయని కాదు. ఇళ్లల్లో వంతులవారీగా భోజనాలు పెట్టుకుందామన్నది మూడు నెలల్లో ఆపేశాం. ఒకరింట్లో రెండు కూరలైతే ఇంకొకరింట్లో నాలుగు, ఆ తర్వాత ఇంకొకరింట్లో బూరెలు, పులిహోర, గారెలు. శ్రమంతా ఆడవాళ్లది, పేరు మాది. మా ఇళ్లల్లోని వాళ్లే వద్దన్నారు, సరిగ్గానే అన్నారు. క్విజ్ పోటీలు పెడితే గెలిచేవాళ్లే గెలిచేవాళ్లు. హ్యాపీ రూపీ మాత్రం బాగా నాటుకుంది. ఆ వారంలో సంతోషం కలిగిన సంగతి ఏదున్నా డబ్బాలో రూపాయి వేసి అరనిమిషంలో చెప్పాలి. అంతకుముందు సార్జెంట్, అంటే మీటింగులో క్రమశిక్షణ చూసే సభ్యుడు, ఆలస్యానికి, పిన్ను పెట్టుకోనందుకు జరిమానాలు వేసేవారు, ఆ డబ్బా అదే, పని మారింది. కొడుకు పాలిటెక్నిక్‌లో సీటు తెచ్చుకున్నాడని ఒకరు, గేదె ఈనిందని ఒకరు, అన్నదమ్ముల మధ్య పొలం తగాదా తేలిందని ఒకరు. ఎవరింట్లో ఏం జరుగుతోందో అలా తెలిసేది. వరసగా రెండు వారాలు రూపాయి వెయ్యని వాళ్ల ఇంటికి డాక్టరు గారు ఊరికే పలకరించడానికన్నట్టు వెళ్లొచ్చేవారు. చాలాసార్లు అక్కడ ఏదో ఒక కష్టం ఉండేది.

1989లో రోటరీ ప్రపంచమంతటా ఆడవాళ్లకి సభ్యత్వం ఇచ్చింది. అంతకుముందు సభ్యుల భార్యలు ఆన్స్ అనే పేరుతో కుటుంబ సాయంత్రాలకి వచ్చేవాళ్లు, అంతే. మా క్లబ్బులో మొదటగా చేరింది గవర్నమెంటు ఆసుపత్రిలో పనిచేసిన లేడీ డాక్టరు గారు. చేరిన రెండో మీటింగులోనే, "రాత్రి ఎనిమిదిన్నరకి అయ్యే మీటింగుకి ఆడవాళ్లు ఎలా వస్తారండీ?" అని అడిగారు. ఆదివారం ఉదయం ఒక మీటింగు అలా వచ్చింది. నిజానికి ఆదివారం పొద్దున్న మా మగవాళ్లకీ సుఖంగానే ఉండేది, అడగాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

ఈ మీటింగుల వల్ల పనికొచ్చిందేమిటని ఎవరైనా అడిగితే నేను 1995 డిసెంబరు చెబుతాను. దేశమంతటా మొదటిసారి పల్స్ పోలియో. రోటరీ 1985 నుంచీ పోలియో మీద డబ్బు, మనుషుల్ని పెడుతోంది కాబట్టి ప్రతి క్లబ్బూ దిగింది. పోలియో చుక్కలు చల్లగా ఉండాలి, వేడి తగిలితే పనికిరావు. ఆసుపత్రి ఫ్రీజరులో ఐస్ ప్యాకులకి చోటు చాలలేదు. మాకెవరికీ రెండో ఆలోచన అక్కర్లేకపోయింది, ఐస్ ఫ్యాక్టరీలో ఎంత పడుతుందో, ఎన్ని గంటల్లో గడ్డకడుతుందో అక్కడ మీటింగు పెట్టి చూసినవాళ్లమే. సినిమా హాలాయన ముందురోజు ఆటల్లో స్లైడు వేయించారు. ప్రెస్సాయన రాత్రికి రాత్రి కరపత్రాలు కొట్టారు. లస్కరు గారు అప్పటికి రిటైరయ్యారు, అయినా కాలువ గట్టున గుడిసెల్లో ఏ ఇంట్లో ఎంతమంది చిన్నపిల్లలున్నారో వేళ్ల మీద లెక్క చెప్పి, మా జట్టుని స్వయంగా తీసుకెళ్లారు. 2011 జనవరిలో హౌరాలో వచ్చిన కేసు తర్వాత మన దేశంలో సహజంగా వ్యాపించే (వైల్డ్) పోలియో వైరస్ కేసు లేదు. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చిన రోజు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. టీవీలో ఆ వార్త చూస్తూ ప్రెస్సాయనకి ఫోన్ చేశాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

తర్వాత వచ్చిన ప్రెసిడెంట్లు కొందరు ఈ పద్ధతి కొనసాగించారు, కొందరికి డయాస్ మీద మనసు పోయింది. క్లబ్బు మళ్లీ హాల్లోకి, ఆ తర్వాత హోటలు ఏసీ గదిలోకి వెళ్లింది. ప్రెస్సులో ట్రెడిల్ పోయి ఆఫ్‌సెట్ వచ్చింది. సినిమా హాలు కల్యాణ మండపమైంది. డాక్టరు గారు లేరు. 2016లో రోటరీయే రూలు సడలించి నెలకి రెండు మీటింగులు పెట్టుకున్నా చాలంది. 2020లో అందరూ జూమ్‌లోకి వెళ్లారు. ఊరికి రాలేని మాలాంటి పాతవాళ్లకి అది సంతోషమే, మొహాలు చూసుకున్నాం. కానీ ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్లు మైకులు మూసుకుని కూర్చునే ఆ పద్ధతి నాకు మళ్లీ పాత డయాస్ మీటింగునే గుర్తు చేసింది.

కిందటి ఏడాది మా ఊరి క్లబ్బు సెక్రటరీ ఫోన్ చేశాడు. మా మిల్లాయన మనవడే. కొత్త సభ్యులు చేరిన ఏడాదికే మానేస్తున్నారట, "ఏం చెయ్యమంటారు తాతయ్యా?" అని అడిగాడు. డాక్టరు గారి ప్రశ్న చెప్పాను. డయాస్ తియ్యమన్నాను, టైముకి గంట కొట్టమన్నాను, కొత్తగా చేరినవాడికి మొదటి వారంలోనే ఏదో ఒక పని అప్పజెప్పమన్నాను. లాకుల మీటింగు సంగతి చెబుతుంటే అటువైపు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

వాళ్లు మొదలుపెట్టారు. మొదటిది రొయ్యల చెరువు మీద, తెల్లవారుజామున. నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది సరిగ్గా ఆ వేళకే, అప్పుడు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో ఒక కుర్ర రైతు చెప్పాడట. చీకట్లో లేచి ఇరవై మందికి పైగా వచ్చారట, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. రెండోది మందు కొట్టే డ్రోన్లు నడిపే అమ్మాయి దగ్గర, చేలో. వచ్చే నెల సెల్‌ఫోన్ రిపేరు షాపులో పెడుతున్నారు, బోర్డు విప్పి భూతద్దం కింద చూపిస్తారట. నేనూ వస్తానని చెప్పి రైలు టికెట్ తీయించుకున్నాను.